స్టేషన్‌లోనే పబ్బు: స్టేలీబ్రిడ్జ్ బఫే బార్‌కి వెళ్లేవాళ్లకి సమగ్ర మార్గదర్శి

రైల్వే స్టేషన్‌లో, అదీ ప్లాట్‌ఫాం మీదే, హాయిగా కూర్చుని బీరు తాగొచ్చంటే మన ఊళ్లో ఎవరూ నమ్మరు. మన స్టేషన్లలో మందు అమ్మరు సరే, తాగి అక్కడ కనిపించినా రైల్వే చట్టం ప్రకారం నేరమే. ఇంగ్లండ్‌లో అలా కాదు. అక్కడ కొన్ని స్టేషన్లలో ఏకంగా పబ్బులే ఉన్నాయి, వాటిలో కొన్ని గదులకి వందేళ్లు ఎప్పుడో దాటాయి. నన్నడిగితే అన్నిట్లోకీ ముందు చూడాల్సింది మాంచెస్టర్ పక్కన స్టేలీబ్రిడ్జ్ అనే చిన్న ఊరి స్టేషన్‌లో ఉన్న బఫే బార్. 1885లో స్టేషన్‌ని తిరిగి కట్టినప్పుడు పెట్టిన బార్ అది, ఇప్పటికీ నడుస్తోంది.

ఇది ఎవరి కోసం రాస్తున్నానంటే, మాంచెస్టర్, లీడ్స్, హడర్స్‌ఫీల్డ్ వైపు చదువుకి వచ్చినవాళ్లు, ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్లు, వాళ్లని చూడ్డానికి ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు. మందు ముట్టనివాళ్లకి కూడా పనికొస్తుంది, వాళ్ల కోసం కింద విడిగా రాశాను. ఇంగ్లండ్ పబ్బులో కౌంటర్ దగ్గరికి వెళ్లి ఏం అడగాలో తెలియక వెనక్కొచ్చేసేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. అందుకే ఆ భాగం కొంచెం సాగదీసి రాశాను.

ముందు ఇది ఎందుకు ప్రత్యేకమో తెలుసుకోండి

రైళ్లు కొత్తగా వచ్చిన రోజుల్లో ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి వెళ్లే దారి ఉండేది కాదు. లోపల తిండి లేదు, టాయిలెట్ లేదు. కాబట్టి పెద్ద స్టేషన్లలో రైలు ఆపి, జనం దిగి గబగబా ఏదో ఒకటి తిని తాగి మళ్లీ ఎక్కడానికి రిఫ్రెష్‌మెంట్ రూములు కట్టారు. వీటిలో బాగా పేరుపడింది, నిజం చెప్పాలంటే బాగా చెడ్డపేరు తెచ్చుకుంది, స్విండన్ స్టేషన్. అక్కడ స్టేషన్ కట్టిన కాంట్రాక్టర్లతో గ్రేట్ వెస్టర్న్ రైల్వే చేసుకున్న ఒప్పందం ప్రకారం మామూలు రైళ్లన్నీ పది నిమిషాలు ఆగి తీరాలి. కొనేవాళ్లకి వేరే గతి లేదు కాబట్టి తిండి ఎలా ఉన్నా అమ్ముడుపోయేది. అక్కడి కాఫీ గురించి ఆ రైల్వే ఇంజినీరు బ్రునెల్ స్వయంగా వెటకారంగా ఉత్తరం రాశాడు. చివరికి 1895లో కంపెనీ లక్ష పౌండ్లు కట్టి ఆ ఒప్పందాన్ని వదిలించుకోవాల్సి వచ్చింది.

ఈలోగా 1879లో లండన్, లీడ్స్ మధ్య భోజనం పెట్టే పెట్టె మొదలైంది. తర్వాత అన్ని చోట్లకీ పాకింది. రైల్లోనే తిండి దొరికాక స్టేషన్ గదుల అవసరం తగ్గిపోయింది. ఇరవయ్యో శతాబ్దంలో చాలావాటిని మూసేశారు, స్టోర్ రూములు చేశారు, ఉన్నవాటిలో సామాన్లు పీకేసి ప్లాస్టిక్ కుర్చీలు, ఫ్లోరసెంట్ లైట్లు పెట్టారు. ఇప్పుడు ఏ స్టేషన్‌కి వెళ్లినా అవే చైన్ కాఫీ షాపులు. పాత బార్ పాత చోటనే, పాత కౌంటర్‌తోనే మిగిలిన స్టేషన్లు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. స్టేలీబ్రిడ్జ్ వాటిలో ఒకటి. ఇది జంక్షన్, హడర్స్‌ఫీల్డ్ వైపు, మాంచెస్టర్‌లోని రెండు పెద్ద స్టేషన్ల వైపు లైన్లు ఇక్కడే కలుస్తాయి కాబట్టి రైలు మారడానికి ఆగే జనం ఎప్పుడూ ఉంటూ వచ్చారు. 1990ల మధ్యలో ఈ బార్‌కి మరమ్మతులు చేసి పక్క గదుల్లోకి కూడా పెంచారు. అలా పెంచినప్పుడు కలిసిన గదుల్లో ఒకటి ఒకప్పుడు ఫస్ట్ క్లాసు ఆడవాళ్ల వెయిటింగ్ రూము. దాని పైకప్పు చూడకుండా రావద్దు.

మొదటి పని: రోజు, టైం

శనివారం మధ్యాహ్నం వద్దు. ఈ ఒక్క మాట వింటే సగం గైడ్ చదివినట్టే.

ఎందుకంటే స్టేలీబ్రిడ్జ్ నుంచి కొండలు దాటి యార్క్‌షైర్‌లోకి వెళ్లే ఈ లైను మీద, స్టేషన్లలోనో వాటి పక్కనో ఉన్న మంచి పబ్బులన్నిటినీ ఒక్కో స్టేషన్ దగ్గర దిగి చూసుకుంటూ పోయే అలవాటు ఒకటి ఉంది, ట్రాన్స్‌పెనైన్ రియల్ ఏల్ ట్రెయిల్ అంటారు (ఏల్ అంటే ఒక రకం బీరు, దాని సంగతి కింద చెప్తాను). మొదట్లో బీరంటే శ్రద్ధ ఉన్న పెద్దవాళ్లు చేసేవాళ్లు. 2009లో టీవీలో కూడా చూపించాక పెళ్లికి ముందు పార్టీలు చేసుకునే గుంపులు, వేషాలు వేసుకున్న కుర్రాళ్లు దిగడం మొదలైంది. శనివారాల్లో ఊళ్లవాళ్లు గోల పెట్టేంత రద్దీ అయ్యి, దారిలోని కొన్ని పబ్బులు ఆ రోజుల్లో లాగర్, షాట్లు అమ్మడం ఆపేసి ప్లాస్టిక్ గ్లాసులు పెట్టిన సందర్భాలున్నాయి. ఆ గుంపులో పడితే మీకు పైకప్పు కనిపించదు, కౌంటర్ కూడా కనిపించదు.

మంగళవారం నుంచి గురువారం లోపు ఒక మధ్యాహ్నం పెట్టుకోండి. రెండింటికి, మూడింటికి వెళ్తే ఖాళీగా ఉంటుంది, కూర్చోవడానికి చోటు దొరుకుతుంది, కౌంటర్ వెనకాల ఉన్నవాళ్లకి మీతో రెండు మాటలు మాట్లాడే తీరిక ఉంటుంది. ఐదు దాటితే ఆఫీసుల నుంచి దిగేవాళ్లు వస్తారు, అది ఇంకో రకం సరదా, ఊరివాళ్లని చూడొచ్చు. ఇక కాలం విషయానికొస్తే చలికాలమే బాగుంటుంది. లోపల నిప్పు గూడు ఉంది, నవంబర్ వానలో తడిసి వచ్చి దాని పక్కన కూర్చుంటే లేవబుద్ధి కాదు.

వెళ్లే ముందు తెరిచే వేళలు వాళ్ల పేజీలో ఒకసారి చూసుకోండి. అలాగే రైళ్లు మామూలుగా నడుస్తున్నాయో లేదో నేషనల్ రైల్ ఎంక్వైరీస్‌లో చూడండి. ఈ లైను మొత్తం మీద కొన్నేళ్లుగా విద్యుదీకరణ, విస్తరణ పనులు జరుగుతున్నాయి. వారాంతాల్లో లైను మూసేసి రైలు బదులు బస్సు వేస్తుంటారు. రైలెక్కి స్టేషన్ పబ్బుకి వెళ్దామని బయల్దేరి బస్సులో చేరితే మజా ఏముంది.

టికెట్

మాంచెస్టర్ పికడిల్లీ నుంచో విక్టోరియా నుంచో రైలెక్కితే పావుగంట అటూ ఇటూగా స్టేలీబ్రిడ్జ్. దూరం పన్నెండు కిలోమీటర్ల చిల్లర. మీరు ఏ స్టేషన్ నుంచి బయల్దేరాలన్నది ఆ పూట రైళ్లని బట్టి ఉంటుంది, యాప్‌లో చూసి ఎక్కండి.

ఒక్క స్టేలీబ్రిడ్జ్‌కే వెళ్లి వచ్చేట్టయితే ఆఫ్ పీక్ డే రిటర్న్ (రద్దీ లేని వేళల్లో అదే రోజు వెళ్లి వచ్చే టికెట్) తీసుకుంటే సరిపోతుంది. మీరు హడర్స్‌ఫీల్డ్ నుంచి మాంచెస్టర్‌కి ఎలాగూ వెళ్లేవాళ్లయితే ఇంకా తేలిక, మధ్యలో దిగి, కూర్చుని, తర్వాతి రైలు ఎక్కొచ్చు. కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది. అడ్వాన్స్ టికెట్ అని చవగ్గా దొరికేది కొనకండి. దానికి రాసిన రైలే ఎక్కాలి, మధ్యలో దిగి ప్రయాణం ఆపడానికి ఒప్పుకోరు. ఆఫ్ పీక్, ఎనీటైం టికెట్ల మీద మామూలుగా మధ్యలో దిగొచ్చు, ఏమైనా ఆంక్ష ఉంటే కొనేటప్పుడే చూపిస్తుంది.

రైల్‌కార్డ్ తీసుకోని మనవాళ్లని చూస్తే నాకు ఆశ్చర్యం. 16 నుంచి 25 ఏళ్ల వాళ్ల కార్డుతో టికెట్‌లో మూడో వంతు తగ్గుతుంది. పేరు అలా ఉన్నా, ఫుల్‌టైం చదువుతున్నవాళ్లు 26 దాటినా ఆ కార్డుకి అర్హులే. ఇండియాలో నాలుగేళ్లు ఉద్యోగం చేసి ఎంఎస్‌కి వచ్చినవాళ్లు ఇది తెలియక పూర్తి రేటు కడుతుంటారు. పొద్దున పదింటి లోపు మామూలు పనిరోజుల్లో దానికి కనీస ఛార్జీ నిబంధన ఉంది కానీ, మీరు వెళ్లేది మధ్యాహ్నం కదా, అది మీకు అడ్డు రాదు.

కారులో వెళ్దామనే ఆలోచన ఉంటే, తాగేవాళ్లు ఎవరూ నడపకూడదు, అంతే. ఇంగ్లండ్‌లో పరిమితి 100 మి.లీ. రక్తంలో 80 మి.గ్రా. ఆల్కహాల్. ఎన్ని గ్లాసులు తాగితే ఆ లెక్కకి వస్తుందో మనిషిని బట్టి మారుతుంది, అది లెక్కేసుకుంటూ కూర్చోవడం కంటే రైలెక్కడం సుఖం. పబ్బే స్టేషన్‌లో ఉన్నాక కారెందుకు అసలు?

దిగాక

బార్ నాలుగో నంబరు ప్లాట్‌ఫాం మీద ఉంది. మీ రైలు ఇంకో ప్లాట్‌ఫాం మీద ఆగితే ఇటు దాటాలి. ఊళ్లోకి వెళ్లక్కర్లేదు, అదే సుఖం. లోపలికి వెళ్లే ముందు ఒక చిన్న పని, తిరుగు రైలు టైములు రెండు చూసి పెట్టుకోండి. ఒకటి కాదు, రెండు. మొదటిది పోనివ్వడానికి, రెండోది ఎక్కడానికి. స్టేషన్ పబ్బుకి వచ్చి మాటిమాటికీ గడియారం చూసుకుంటూ సగం గ్లాసు గటగటా తాగి పరిగెత్తడం దండగ. గంటన్నర అయినా పెట్టుకోకపోతే రావద్దు.

పద్దెనిమిది దాటినా ముఖం చిన్నగా కనిపిస్తే వయసు రుజువు అడుగుతారు. ఇరవై ఐదు కంటే తక్కువగా కనిపించేవాళ్లందరినీ అడగడం ఇక్కడ చాలాచోట్ల పద్ధతి, మిమ్మల్నే అడిగారని చిన్నబుచ్చుకోకండి. యూనివర్సిటీ కార్డు చెల్లకపోవచ్చు. పాస్‌పోర్టో, ఇక్కడి డ్రైవింగ్ లైసెన్సో ఉంటే గొడవ లేదు. పాస్‌పోర్టు జేబులో పెట్టుకుని తిరగడం టెన్షన్ కాబట్టి ప్రొవిజనల్ డ్రైవింగ్ లైసెన్సు తీసుకుని పెట్టుకుంటారు చాలామంది, డ్రైవింగ్ నేర్చుకునే ఉద్దేశం లేకపోయినా.

కౌంటర్ దగ్గర

లోపలికి వెళ్లి టేబుల్ దగ్గర కూర్చుని ఎవరైనా వస్తారని ఎదురుచూస్తే సాయంత్రం దాకా కూర్చోవచ్చు, ఎవరూ రారు. ఇలాంటి పాత పబ్బుల్లో మనమే కౌంటర్ దగ్గరికి వెళ్లి అడిగి, అప్పుడే డబ్బులిచ్చి, గ్లాసు మనమే తెచ్చుకోవాలి. క్యూ కనిపించదు. జనం కౌంటర్ వెంబడి అడ్డంగా నిలబడి ఉంటారు. ఎవరు ముందొచ్చారో లోపలున్నవాళ్లకి గుర్తుంటుంది. మిమ్మల్ని అడిగినప్పుడు మీకంటే ముందొచ్చినవాళ్లు ఉంటే తల ఊపి వాళ్లని చూపించండి, "ఆయన ముందు" అని చెప్పండి. ఈ ఒక్క మర్యాద పాటిస్తే చాలు, పబ్బు మొత్తం మీ వైపు. చిటికెలు వేయడం, కార్డు ఊపడం, "హలో, బాస్" అని పిలవడం మాత్రం వద్దే వద్దు.

మీ ఎదురుగా పాలరాయి పరిచిన కౌంటర్ ఉంటుంది. దాని మీద చేత్తో లాగే పొడవాటి పిడులు వరసగా కనిపిస్తాయి. అవే అసలు సరుకు. ఒక్కో పిడి మీద బిళ్ల ఉంటుంది, దాని మీద బీరు పేరు, తయారు చేసినవాళ్ల పేరు, ఆల్కహాల్ శాతం. బిళ్ల వెనక్కి తిప్పి ఉంటే ఆ బీరు అయిపోయిందనో ఇంకా సిద్ధం కాలేదనో అర్థం, దాన్ని అడగకండి.

ఈ పిడుల్లోంచి వచ్చేదాన్ని కాస్క్ ఏల్ అంటారు. సీసాలో, డబ్బాలో వచ్చే బీరుకి దీనికి తేడా ఏంటంటే, ఇది పీపాలోకి వచ్చాక కూడా లోపల ఈస్ట్ బతికే ఉండి నెమ్మదిగా పులుస్తూ ఉంటుంది. బయటి నుంచి గ్యాస్ ఎక్కించరు. కాబట్టి నురగ, బుడగలు తక్కువ. చల్లదనం కూడా అంతే, 11 నుంచి 13 డిగ్రీల దగ్గర ఇస్తారు. ఇండియాలో ఐసులో పెట్టి తీసిన సీసా అలవాటైనవాళ్లకి మొదటి గుక్క "ఇదేంటి, వేడిగా ఉంది" అనిపిస్తుంది. ఓపిక పట్టండి. చల్లదనం ఎక్కువైతే నాలుకకి రుచి తెలియదు, అందుకే అలా ఇస్తారు. పీపా తెరిచాక మూడు రోజులకి మించి ఆ రుచి నిలవదు, కాబట్టి అమ్ముడయ్యే పబ్బులోనే ఇది బాగుంటుంది. 1970ల నాటికి ఈ రకం బీరు దాదాపు కనుమరుగయ్యే స్థితికి వస్తే, 1971లో నలుగురు స్నేహితులు కలిసి కామ్రా అనే ఉద్యమం మొదలుపెట్టి దాన్ని నిలబెట్టారు. మనం మంగళవారం మధ్యాహ్నం ఈ పాత గదిలో ఇన్ని పిడుల ముందు నిలబడి ఏది ఎంచుకోవాలో తెలియక బుర్ర గోక్కుంటున్నామంటే అందులో వాళ్ల పాత్ర చాలానే ఉంది.

ఏది తీసుకోవాలో తెలియకపోతే రుచి చూపించమని అడగండి. తప్పు కాదు, ఒక చిన్న గ్లాసులో పోసి ఇస్తారు. రెండు రకాలు రుచి చూసి ఒకటి తీసుకోవచ్చు, వెనక పదిమంది నిలబడి ఉన్నప్పుడు ఐదు రకాలు అడిగితే మాత్రం బాగోదు. కొత్తవాళ్లకి లేత రంగులో 3.8, 4 శాతం దగ్గర ఉన్న పేల్ ఏల్ బాగుంటుంది. కొంచెం చేదు ఇష్టమైతే బిట్టర్. కాఫీ ఇష్టమైనవాళ్లకి నల్లటి స్టౌటో పోర్టరో నచ్చుతుంది, అందులో మాడ్చిన బార్లీ వాసన వస్తుంది.

పింట్ అంటే 568 మి.లీ. మన పెద్ద సీసా 650 కంటే కొంచెం తక్కువ. మొదటిసారి సగం పింట్ అడగండి. సగం తాగితే నామోషీ అనుకునేవాళ్లు మన గుంపుల్లో ఉంటారు, పట్టించుకోకండి, అక్కడ ముసలివాళ్లు నాలుగు రకాలు రుచి చూడాలని సగాలే తాగుతారు. ఇంకో లెక్క, 4 శాతం పింట్ ఒకటి అంటే ఇక్కడి లెక్కలో సుమారు 2.3 యూనిట్ల ఆల్కహాల్. వారానికి 14 దాటొద్దని ఇక్కడి వైద్యుల సలహా. మధ్యలో మంచినీళ్లు అడగండి, మందు అమ్మే చోట కుళాయి నీళ్లు ఉచితంగా ఇవ్వాలని చట్టమే ఉంది.

గ్లాసు చేతికొచ్చాక చూడండి. పైన నురగ మరీ ఎక్కువుంటే ఇంకొంచెం పోయమని నవ్వుతూ అడిగితే పోస్తారు. వెనిగర్ వాసన వస్తే ఆ పీపా చెడిపోయినట్టు. ఏం మాట్లాడకుండా మింగేయకండి, తీసుకెళ్లి చెప్తే మంచి పబ్బులో మారుస్తారు. అయితే సగానికి పైగా తాగాక వెళ్లి బాగోలేదంటే ఎవరు మాత్రం ఏమనుకోరు?

రౌండ్లు, బిల్లు గొడవ

మనవాళ్లతో వచ్చిన పెద్ద చిక్కు ఇది. నలుగురు వెళ్తే నలుగురూ కార్డులు తీసి "నేనిస్తానంటే నేనిస్తాను" అని కౌంటర్ మీద కుస్తీ. లేకపోతే నాలుగు గ్లాసులకి నాలుగు బిల్లులు. ఇక్కడ పద్ధతి తేలిక. ఒకరు లేచి అందరికీ తెస్తారు, తర్వాతి విడత ఇంకొకరు, ఒక్కో విడతని రౌండ్ అంటారు. మీ వంతు వచ్చినప్పుడు మీరు లేవాలి, అది తప్పించుకునేవాడికి పేరు పడిపోతుంది. అందరూ ఒక్కోటే తాగి వెళ్లిపోయేట్టయితే ఎవరిది వాళ్లు తెచ్చుకున్నా తప్పు లేదు. మందు తాగనివాళ్లని రౌండ్లోంచి తప్పించి వాళ్ల డబ్బు మిగల్చండి, ఇది నా సొంత చట్టం. టిప్పు ఇవ్వక్కర్లేదు. లేచేటప్పుడు ఖాళీ గ్లాసులు తీసుకెళ్లి కౌంటర్ మీద పెట్టండి, అది టిప్పు కంటే ఎక్కువ సంతోషపెడుతుంది.

మందు ముట్టనివాళ్లకి, శాకాహారులకి

టీ, కాఫీ అడగండి. ఇది అసలు ప్రయాణికుల బఫే, టీ అడిగితే ఎవరూ వింతగా చూడరు. లెమనేడ్ అడిగితే నిమ్మరసం రాదు, తీపి సోడా వస్తుంది. చవగ్గా, దాహం తీరేలా కావాలంటే లైమ్ సోడా. ఆల్కహాల్ లేని బీరు అని అమ్మేవాటిలో కొన్ని 0.0, కొన్ని 0.5 శాతం ఉంటాయి. అసలు చుక్క కూడా వద్దనుకునేవాళ్లు సీసా మీద చూసుకోండి.

ఇక శాకాహారం. బీరు శాకాహారమే కదా అనుకుంటాం. కాస్క్ ఏల్ విషయంలో అలా అనుకోవడానికి లేదు. పీపాలో తేలే ఈస్ట్ కిందికి దిగి బీరు తేటపడటానికి ఐసింగ్లాస్ అనే పదార్థం వేయడం పాత ఆనవాయితీ. అది చేప గాలితిత్తి నుంచి తీస్తారు. గ్లాసులోకి వచ్చేసరికి దాదాపు ఏమీ మిగలదంటారు కానీ, పట్టింపు ఉన్నవాళ్లకి ఆ దాదాపు సరిపోదు. అది వేయకుండా చేసే బ్రూవరీలు ఇప్పుడు చాలానే ఉన్నాయి, వాటి బీరు కొంచెం మబ్బుగా కనిపిస్తుంది. "వీగన్ బీరు ఏదైనా ఉందా" అని అడిగితే చూపిస్తారు. ఈ విషయం ఇన్నేళ్లుగా ఇక్కడున్న మనవాళ్లలో కూడా చాలామందికి తెలియదు.

తినడానికి ఈ బార్‌లో పేరున్నది బ్లాక్ పీస్. లాంకషైర్ వైపు పాత కాలపు పేదవాళ్ల తిండి. ముదురు గోధుమరంగు బఠాణీలు రాత్రంతా నానబెట్టి, మెత్తగా ఉడకబెట్టి, వేడివేడిగా గిన్నెలో వేసి పైన వెనిగర్ పోసుకుని తింటారు. మన ఉలవ గుగ్గిళ్లకి తాలింపు పెట్టకుండా, కొంచెం జారుగా చేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. నాకైతే ఒక పచ్చిమిర్చి, నాలుగు ఉల్లిపాయ ముక్కలు పడితే బాగుండు అనిపిస్తుంది, కానీ ఉప్పు, వెనిగర్ దండిగా వేసుకుంటే చలిలో బ్రహ్మాండం. ఆ రోజు ఉన్నాయా లేదా అని అడగండి.

చూసుకోవాల్సింది పోర్క్ స్క్రాచింగ్స్ ప్యాకెట్. చూడ్డానికి మన చిప్స్ లాగే వేలాడుతుంటుంది, అది వేయించిన పంది తోలు. 'పై' అనే గుండ్రటి పిండివంటల్లో (లోపల కూర పెట్టి కాలుస్తారు) కూడా పంది మాంసం ఉండేవే ఎక్కువ, అడిగి కొనండి.

కూర్చున్నాక ఏం చూడాలి

గ్లాసు పట్టుకుని ముందు ఒక చుట్టు తిరగండి. కౌంటర్ పాలరాయి, దాని వెనక అద్దాలు, గోడల నిండా పాత రైల్వే ఫొటోలు, బోర్డులు. పక్కన అద్దాల గది ఉంది, అక్కడ కూర్చుంటే రైళ్లు కనిపిస్తాయి. చివర్లో ఆడవాళ్ల వెయిటింగ్ రూము, ఆ పైకప్పు మీద పనితనం చూసి ఒక్క నిమిషం ఆలోచించండి. ఫస్ట్ క్లాసు టికెట్ ఉన్న ఆడవాళ్లకి ఒక గది, మిగతావాళ్లకి ఇంకోటి. విక్టోరియా రాణి కాలపు ఇంగ్లండ్ తరగతి పట్టింపు ఎంతదో రైల్వే స్టేషన్ గోడలు చెప్పినంత బాగా పుస్తకాలు చెప్పవు. ఇప్పుడు ఆ గదిలో బూట్లకి బురదతో కొండలెక్కి వచ్చినవాళ్లు, పెయింటు మరకల బట్టలతో పనివాళ్లు, మనలాంటివాళ్లు కూర్చుని తాగుతున్నాం.

కుక్కలుంటాయి. పబ్బుల్లోకి కుక్కని తీసుకురావడం ఇక్కడ మామూలే, టేబుల్ కింద పడుకుని ఉంటాయి, ఏమీ అనవు. భయం ఉంటే ఇంకో గదిలో కూర్చోండి. పిల్లలతో వెళ్తే పగటిపూట వెళ్లి, లోపలికి రానిస్తారా అని ముందే అడగండి.

ఫొటోలు తీసుకోవచ్చు, కౌంటర్ వెనకున్నవాళ్లని తీసే ముందు మాత్రం అడగండి. ప్లాట్‌ఫాం మీద ఫ్లాష్ వాడకండి, డ్రైవర్ల కళ్లకి కొడుతుంది. రీల్స్ కోసం పసుపు గీత దాటి నిలబడేవాళ్లకి ఏం చెప్పాలో నాకు తెలియదు. ఈ స్టేషన్‌లో ఆగకుండా వేగంగా పోయే రైళ్లు కూడా ఉంటాయి.

ఒక చిన్న సరదా విషయం. ఈ స్టేషన్ నుంచి స్టాక్‌పోర్ట్‌కి ఒక లైను ఉంది. దాని మీద ప్రయాణికుల రైలు ఏళ్ల తరబడి వారానికి ఒక్క రోజే నడుస్తోంది. లైను పూర్తిగా మూసేయాలంటే చట్టప్రకారం పెద్ద తతంగం ఉంది కాబట్టి, ఆ తలనొప్పి కంటే ఒక రైలు నడిపేయడం తేలికని అలా ఉంచేశారు. దాన్ని ఎక్కడానికే పనిగట్టుకుని వచ్చే రైలు పిచ్చోళ్లు ఉన్నారు. బార్‌లో ఎవరైనా పెద్దాయన టైంటేబుల్ గురించి మాట్లాడుతుంటే ఈ రైలు సంగతి ఎత్తి చూడండి, ఇక ఆ పూట మీకు కబుర్లకి కొదవ లేదు.

ఇంకా టైం ఉంటే

స్టేషన్ బయటికొస్తే కొంచెం దూరంలో క్యూ (Q) అనే పబ్బు ఉంది, పేరంతా ఒక్క అక్షరమే. బ్రిటన్‌లో అతి చిన్న పేరున్న పబ్బుగా దానికి పేరు. అతి పొడవైన పేరున్న పబ్బు కూడా ఒకప్పుడు ఇదే ఊళ్లో ఉండేది.

రైలెక్కి ముందుకి పోతే మార్స్‌డెన్ దగ్గర స్టాండెజ్ సొరంగం, మూడు మైళ్ల పైనే పొడవు. అది దాటాక హడర్స్‌ఫీల్డ్ స్టేషన్ వస్తుంది, ఎదుట స్తంభాలతో గుడిలా కట్టిన భవనం, ముందున్న చౌకులో ఆ ఊళ్లోనే పుట్టిన ప్రధాని హెరాల్డ్ విల్సన్ విగ్రహం. ఆ భవనానికి అటొకటి ఇటొకటి పబ్బులు పెట్టారు, అయితే స్టేషన్ పనుల వల్ల ఏది తెరిచి ఉందో చూసుకుని వెళ్లండి. ఒకే రోజు అన్ని స్టేషన్లలో దిగాలని పెట్టుకోకండి. రెండు చాలు, మూడోదానికి మీకు రుచి తెలియదు.

వేరే రోజు కుదిరితే షెఫీల్డ్ స్టేషన్‌లో 1904 నాటి రిఫ్రెష్‌మెంట్ రూము చూడండి. దశాబ్దాల పాటు పాడుబడి ఉన్నదాన్ని 2009లో పలకలతో సహా బాగు చేసి షెఫీల్డ్ ట్యాప్ పేరుతో తెరిచారు. అందం మాటకొస్తే స్టేలీబ్రిడ్జ్ కంటే అదే ఒక మెట్టు పైన. కానీ ఎప్పుడూ రద్దీ. న్యూకాసిల్ స్టేషన్‌లోని సెంచూరియన్ 1893 నాటి ఫస్ట్ క్లాసు లాంజ్, నేల నుంచి పైకప్పు దాకా రంగురంగుల పలకలు. మధ్యలో కొన్నాళ్లు దాన్ని పోలీసులు ఖైదీల గదులుగా వాడుకున్నారంటే చూశాక నమ్మలేరు.

తిరుగు ప్రయాణం

గ్లాసు పట్టుకుని రైలెక్కకండి, అది పబ్బు గ్లాసు. రాత్రి మూసే ముందు లాస్ట్ ఆర్డర్స్ అని గంట కొడతారు, ఆ తర్వాత అడిగితే పోయరు. బాగా తాగి ఉన్నవాళ్లకి పోయడం ఇక్కడ నేరం, కాబట్టి "ఇక చాలు" అని వాళ్లంటే వాదించకండి. మరీ ఒళ్లు తెలియకుండా ఉంటే రైల్వే నిబంధనల ప్రకారం స్టేషన్లోకి రానివ్వకపోవచ్చు కూడా, మీరేమో స్టేషన్ మధ్యలోనే ఉన్నారు. రైల్లో ఎవరైనా తాగి ఇబ్బంది పెడితే 61016 నంబరుకి మెసేజ్ పెడితే రైల్వే పోలీసులకి చేరుతుంది, ఈ నంబరు ఫోన్‌లో పెట్టుకోండి, ముఖ్యంగా ఒంటరిగా రాత్రిపూట వచ్చే అమ్మాయిలు.

రైలు రావడానికి ఐదు నిమిషాల ముందే లేవండి. పబ్బు ప్లాట్‌ఫాం మీదే కదా అని ఆఖరి గుక్క దాకా కూర్చుంటే, మీ రైలు అవతలి ప్లాట్‌ఫాం మీదికి వస్తుంది. ఏ ప్లాట్‌ఫామో బోర్డులో చూసుకుని, గ్లాసు కౌంటర్ మీద పెట్టి, టాయిలెట్‌కి వెళ్లి వచ్చి, అప్పుడు కదలండి. ఆఖరి రైలు మీద మాత్రం ఆధారపడకండి. అది రద్దయితే ఆ చిన్న ఊళ్లో అర్ధరాత్రి టాక్సీ కోసం వెతుక్కోవాల్సి వస్తుంది, మాంచెస్టర్ దాకా టాక్సీకి పెట్టే డబ్బుతో ఇంకో రెండుసార్లు వచ్చి వెళ్లొచ్చు.